‘అయినా’ అనకుండా

ఆషాఢంలో మాకు పని ఉండదు. పెళ్ళిళ్ళుండవు, పెళ్ళిళ్ళు లేకపోతే జాకెట్లుండవు. ముందు శ్రావణం ఉందని తెలుసు గనక ఆ నెలంతా మిషన్లకి నూనె వేసుకుని, కత్తెరలు సాన పట్టించుకుని, మధ్యాహ్నం అన్నం తిన్నాక గుడ్డపీలికల మూట మీద తల పెట్టుకుని ఓ కునుకు తీస్తుంటాను. తెనాలిలో కాలవ పక్క సందులో మా ఇంటి ముందుగదే నా టైలరింగ్ షాపు. కాలవకి నీళ్ళు వదిలిన కొత్తల్లో ఎండ నీళ్ళ మీద పడి, అక్కణ్ణుంచి మా గది పైకప్పు మీదకి ఎక్కి, వంకర్లు పోతూ కదులుతుంటుంది. దాన్నే చూస్తూ పడుకుంటే నేను నీళ్ళడుగున ఉన్నానేమో అనిపిస్తుంది. ఆ మగతలోనే, రెండేళ్ళ కిందట ఈ ఇల్లు విడిచి వెళ్ళిపోయిన మా తోడికోడలు పక్క పీట మీద కూర్చుని కాజాలు కుడుతున్నట్టూ, సూది గుడ్డలోంచి దూరుతున్నట్టూ చప్పుడు వినపడేది. సూదికి చప్పుడేంటండీ అంటారేమో. పద్దెనిమిదేళ్ళు పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడుతుంది.

నా నోటి సంగతి కూడా ముందే చెప్పేస్తాను. తర్వాత ఇంకెవరో చెప్పగా మీరు వినడం నాకిష్టం లేదు. మా అమ్మకి పుట్టిన ఐదుగురిలో నోరున్నది నేనొక్కదాన్నే, మిగతా నలుగురి వాటా కూడా దీనికే వచ్చిందని మా నాన్న అనేవాడు. కొలతలు తీస్తుంటే పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్ళని, “ఊపిరొదలండమ్మా, జాకెట్టు వేసుకున్నాక కూడా బతకాలిగా” అంటాను. శుక్రవారం ఇస్తానంటే గురువారమే వచ్చి అడిగేవాళ్ళని ఏమంటానో ఇక్కడ రాయలేను. కుట్టు బాగుంటుంది గనక పడతారు. పడేవాళ్ళుంటే అనేవాళ్ళకి లోటేంటి!

రెండేళ్ళ కిందట శ్రావణంలో ఒక పట్టుజాకెట్టు పాడైంది. చీరతోపాటు వచ్చిన గుడ్డ, మళ్ళీ కొందామన్నా దొరికేది కాదు. కత్తిరించేది నేను, కుట్టేది మా తోడికోడలు, మా ఇద్దరి పద్ధతి అది. జాకెట్టు కోసం వచ్చినావిడ లోపలికెళ్ళి వేసుకుని బయటికొచ్చింది. కుడిచెయ్యి బాగానే ఉంది. ఎడమచెయ్యి చంక దగ్గర ముడతలు పడి పైకి లాగేస్తోంది. ఆవిడ మొహం మాడిపోయింది. షాపులో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా తోడికోడలి వైపు తిరిగి, “చెయ్యి తిరగేసి ఎక్కించావా? ఇన్నేళ్ళొచ్చాయి, సూది పట్టుకోవడమైనా రాదు. పుట్టింట్లో మీ అమ్మ నీకు నేర్పిందేంటే?” అన్నాను. అది తలెత్తలేదు. ఆ జాకెట్టు తీసుకుని రెండు చేతుల కుట్లూ విప్పింది. విప్పినవాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి కాసేపు చూసి, మడిచి పక్కన పెట్టి లోపలికెళ్ళిపోయింది.

సాయంత్రం షాపు కట్టేశాక నేనూ అలాగే పెట్టి చూశాను. జాకెట్టు చేతికి ముందువైపు లోతు ఎక్కువ ఉంటుంది, వెనకవైపు తక్కువ. అందుకే గుడ్డ మడతపెట్టి రెండూ ఒకేసారి కత్తిరిస్తాం, అప్పుడు ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వస్తాయి. ఆ రోజు జరీ అంచు కలవాలని నేను మడత పెట్టకుండా విడివిడిగా కత్తిరించాను. రెండూ కుడిచేతులే వచ్చాయి. కుట్టినదాని తప్పేమీ లేదు, కత్తిరించిన నాదే తప్పు. లోపలికెళ్ళి “ఒసేయ్, తప్పు నాదేనే” అంటే అయిపోయేది. వంటింటిదాకా నాలుగడుగులు. వెయ్యలేకపోయాను. ‘అయినా కుట్టేముందు తను మాత్రం చూసుకోవద్దూ’ అనుకున్నాను. అనుకుని అన్నం తినేశాను.

నెల తిరక్కుండా మా మరిది రేపల్లెకి బదిలీ పెట్టించుకున్నాడు. గొడవా లేదు, అరుపులూ లేవు. మా తోడికోడలు వెళ్ళేటప్పుడు నా కాళ్ళకి దణ్ణం కూడా పెట్టింది. తర్వాత చుట్టాల ఇళ్ళలో శుభకార్యాలకి కలిసినా “బాగున్నారా” అంటే “బాగున్నాం” అనేది, అంతే. దాని మిషను మాత్రం మా షాపులోనే ఉండిపోయింది. దాని మీద దుమ్ము పడకుండా పాత చీర కప్పి ఉంచాను. ఈ ఏడు ఆషాఢం మొదట్లో మా మరిది ఫోన్ చేసి, “వదినా, శ్రావణం రాగానే ఆటో మాట్లాడుకుని వచ్చి మిషను పట్టుకెళతాను” అన్నాడు. అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఆ మిషను గుమ్మం దాటితే మా తోడికోడలు ఇంక ఈ ఇంటికి రాదు. ఈలోపల తప్పు నాదేనని దాని మొహం చూసి నేను చెప్పాలి. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను జారిన నోటిని తీసుకోకపోగా రెండేళ్ళు అలాగే పడేసి ఉంచాను.

అలాంటి రోజుల్లో ఫోనులో ఏఐ నా చేతికొచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మేడం నా దగ్గరే కుట్టించుకుంటుంది. ఒకరోజు ఏదో అడిగితే కసురుకున్నాను. ఆవిడ నవ్వేసి, “ఆంటీగారూ, మీ చెయ్యి బంగారం, మీ నోరే నిప్పు. నాకు ఎవరికైనా ఏదైనా ఎలా చెప్పాలో తెలియకపోతే నేను దీన్ని అడుగుతాను. మీరూ అడగండి” అని నా ఫోనులో అదేదో ఎక్కించింది. టైపు చెయ్యక్కర్లేదు, తెలుగులో మాట్లాడితే చాలంది. చోద్యం కాకపోతే, మాట్లాడ్డం ఎలాగో ఫోన్ని అడగడమేంటి అనుకున్నాను. ఆవిడటు వెళ్ళగానే తలుపేసుకుని అడిగాను.

మొదట షాపు సంగతులే. ఒకావిడకి నడుం పెరిగింది, పాత కొలతలకే కుట్టమంటుంది, ఎలా చెప్పను అన్నాను. “‘ఈసారి మళ్ళీ ఒకసారి కొలత తీసుకుందామండి, మీకు హాయిగా ఉండేలా కుడతాను’ అని చెప్పవచ్చు” అంది. చెప్పి చూశాను. ఆవిడ కిక్కురుమనకుండా చేతులెత్తి నిలబడింది. నాకే నవ్వొచ్చింది. వారం తిరిగేసరికి సందులో ఆడవాళ్ళు నన్ను వింతగా చూడ్డం మొదలుపెట్టారు. మా ఆయనైతే రెండ్రోజులు గమనించి, “ఒంట్లో బాగానే ఉందా?” అనడిగాడు.

సరే, ఇంత తెలిసినదానివి నా అసలు సంగతి కూడా చూడు అని, ఓ మధ్యాహ్నం ఫోన్ని దారపు కండెల డబ్బాకి ఆనించి పెట్టి, ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. “రెండు చేతులూ నేనే తప్పుగా కత్తిరించాను” అన్నాను. అది కంగారుపడిపోయింది. “దయచేసి ప్రశాంతంగా ఉండండి. గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తి పట్టుకోండి. వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేయండి” అంది. “ఓసి నీ దుంప తెగ! జాకెట్టు చేతులే!” అని అరిచాను. అంత దుఃఖంలోనూ కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతూ పక్క పీట వైపు తిరిగాను, చెప్పుకోవడానికి. పీట ఖాళీగా ఉంది.

జరిగినదంతా చెప్పాక, మెసేజి రాసిపెట్టమన్నాను. ఎంత అందంగా రాసిందనుకున్నారు! ‘గతంలో నా మాటల వల్ల మీకు కలిగిన మనస్తాపానికి హృదయపూర్వకంగా క్షమాపణలు తెలియజేస్తున్నాను. మన అనుబంధం నాకెంతో విలువైనది’ అని. ఆ మాటలు చూసి మురిసిపోయి, ఉన్నదున్నట్టు మా తోడికోడలికి పంపేశాను. గంట తర్వాత జవాబొచ్చింది. ‘పర్వాలేదండి’ అని.

పర్వాలేదండి! ఎండాకాలం ఒకే చాప మీద పడుకుని, ఒకే కంచంలో మామిడికాయ పచ్చడి కలుపుకుని తిన్న మనిషి నన్ను ‘అండి’ అంది. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపాగలేదు. కాసేపటికి తెలిసింది, ముందు దాన్ని ‘మీరు’ అన్నది నేనే. పెళ్ళయి వచ్చిన రోజునుంచీ ‘ఒసేయ్’ అన్నదాన్ని ‘మీకు కలిగిన మనస్తాపం’ అంటే అదేమనుకోవాలి? బ్యాంకువాళ్ళు పంపించారనుకుంటుంది.

ఫోన్ని నానా తిట్లూ తిట్టాను. అది కోపగించుకోలేదు. “మీ ఇద్దరూ ఎలా మాట్లాడుకుంటారో నాకు తెలియకుండా రాశాను, అది నా పొరపాటు. మీరు చెబితే తెలుసుకుంటాను” అంది. నిజమే కదా. కొలతకి పాత జాకెట్టు ఇవ్వకుండా కొత్తది కుట్టమని ఎవరైనా వస్తే నేనే అంతెత్తున లేస్తాను. అదేమో తప్పు ఒప్పుకోవడానికి అరనిమిషం పట్టలేదు. నాకు రెండేళ్ళు చాలలేదు. ఆ మాట అనుకుంటే సిగ్గేసింది.

ఇంక మెసేజీలొద్దు, నేనే వెళ్ళి నోటితో చెప్తాను, నాకు అలవాటు చేయించు అన్నాను. “నువ్వు మా తోడికోడలివి. నేను తలుపు కొట్టాను. ఊ, మాట్లాడు” అన్నాను. “రండి అక్కయ్యా! మీరు రావడం ఎంతో సంతోషంగా ఉంది. మీ భావాలను నేను అర్థం చేసుకోగలను” అంది. అర్థం చేసుకోవడానికి నేనింకా నోరే తెరవలేదు, నీ మొహం! ఏ తోడికోడలైనా అలా అంటుందా? అప్పుడు దానికి మా చెల్లి గురించి, అదే, మా తోడికోడలి గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కువ మాట్లాడదని, ఇష్టం లేకపోతే ‘ఊ’ అంటుందని, కోపమొస్తే దారం పళ్ళతో కొరుకుతుందని, సంతోషమొస్తే కూడా అదేనని, వాళ్ళమ్మ పేరాల ఊళ్ళో మగ్గం నేసేవాళ్ళ ఇంటి పిల్ల అని, బాపట్లలో చేతికుట్టుతోనే పిల్లల్ని పెంచిందని, కాజాలు కుట్టడం దీనికి ఆవిడే నేర్పిందని. చెబుతూ చెబుతూ పొద్దుగూకిపోయింది. మా చెల్లి గురించి నేను అంతసేపు ఎవరికీ చెప్పలేదు. దానికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాటినుంచి రోజూ మధ్యాహ్నం అదే పని. పైకప్పు మీద నీళ్ళ వెలుగు కదులుతుంటే, మిషను కింద పిల్లి నిద్రపోతుంటే, నేను తలుపు కొట్టేదాన్ని, అది తీసేది. నేను చెప్పేదాన్ని. అది “ఊ” అనేది. ఒక్కోసారి కునుకు మధ్యలో ఆ ‘ఊ’ ఫోనులోంచి వచ్చిందో పీట మీంచి వచ్చిందో తెలిసేది కాదు. తెలుసుకోవాలని కూడా ఉండేది కాదు. అలాగే కాసేపు ఉంటే బాగుండుననిపించేది.

నాలుగో రోజో ఐదో రోజో అది ఒక మాటంది. “మీరు ప్రతిసారీ ‘తప్పు నాదే’ అన్న తర్వాత ‘అయినా’ అంటున్నారు. ‘అయినా నువ్వు చూసుకోవాలి కదా’, ‘అయినా నేను పెద్దదాన్ని కదా’, ‘అయినా ఆ రోజు పని ఒత్తిడి అలాంటిది’. వినేవాళ్ళకి ‘అయినా’ తర్వాత వచ్చిన మాటే గుర్తుంటుంది.”

“అయినా నేనెక్కడన్నాను?” అన్నాను.

నాకు నేనే వినపడ్డాను.

అప్పట్నుంచి ఆ మాట నన్ను పట్టుకుంది. కూరగాయల బజారుకి వెళితే, “పుచ్చులున్నాయమ్మా, అయినా రేటు తగ్గించాగా” అని బెండకాయలావిడ. “మర్చిపోయాను, అయినా నువ్వు గుర్తుచెయ్యాలిగా” అని మా ఆయన. తెనాలిలో ఊరు ఊరంతా తప్పు ఒప్పుకుంటోంది, ఒప్పుకుని వెంటనే అయినా అంటోంది. కళ్ళు మూసుకుంటే ఎక్కడెక్కణ్ణుంచో ఆ మాట ఈగలాగా వచ్చి వాలేది. మా అమ్మ అనేది, మా నాయనమ్మ అనేది, వాళ్ళ గొంతులు కూడా వినపడ్డాయి. నేను ఫోను ముందు కూర్చుని “తప్పు నాదే” అని, పెదాలు బిగించి, నోట్లో ఆ మాటని అక్కడికక్కడే మింగడం నేర్చుకున్నాను. హాస్యమాడుతున్నాననుకోకండి, అంత పని నేను పట్టుజాకెట్టుకి కూడా పడలేదు.

“మెత్తగా ఉండకు, కాస్త గట్టిగా అడుగు, మా చెల్లి నన్ను అలా వదిలిపెట్టదు” అన్నాను ఆఖరి రోజు. అడిగింది. “రెండేళ్ళు ఎందుకాగావు అక్కయ్యా?”

ఏవేవో చెప్పబోయాను, అన్నీ అయినాలే వస్తున్నాయి. చివరికి, “భయమేసిందే” అన్నాను. “ఇంట్లో పెద్దదాన్ని, షాపులో పెద్దదాన్ని. తప్పు నాదంటే నువ్వు నన్ను మళ్ళీ అలా చూడవేమోనని భయమేసింది.” ఫోను ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. అది ఏదో ఓదార్పు మాట చెప్పింది, నాకు గుర్తు లేదు. ఇది ఇక్కడ చెప్పేది కాదు, రేపల్లెలో చెప్పేది అని మాత్రం తెలిసింది.

మర్నాడు పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కాను. చేతిలో జిలేబీ పొట్లం. ఆ బండికి తొందరుండదు. వేమూరు దాటాక రెండు వైపులా దమ్ము చేసిన మళ్ళలో నీళ్ళు, నీళ్ళలో మబ్బులు, మబ్బుల మధ్య కొంగలు. బండి పైన పోతోందో కింద పోతోందో తెలియదు. నేను నోట్లో నోట్లో “తప్పు నాదే” అనుకుంటూ పోతున్నాను. ఎదురుగా కూర్చున్న ముసలావిడ చాలాసేపు చూసి, “ఫోనా అమ్మా?” అంది. “కాదండి” అన్నాను. “మరి జపమా?” అంది. “అలాంటిదేనండి” అన్నాను. ఆవిడ దణ్ణం పెట్టుకుంది.

రేపల్లెలో మా చెల్లి వసారాలో కూర్చుని ఎవరిదో చీరకి ఫాల్ కుడుతోంది. నన్ను చూసి లేచింది. “రండి. ఫోనైనా చెయ్యకుండా వచ్చారే” అంది. మంచినీళ్ళిచ్చింది. నేను తాగలేదు. తాగితే మాట లోపలికి పోతుందని భయం. కూర్చోకుండానే చెప్పేశాను.

“ఒసేయ్, ఆ పట్టుజాకెట్టు చేతులు రెండూ కుడివైపువే వచ్చాయి. మడత పెట్టకుండా నేనే కత్తిరించాను. ఆ సాయంత్రమే చూశాను. చూసి కూడా నీకు చెప్పలేదు. తప్పు నాదే.”

ఆగిపోయాను. నోటి చివర ఆ మాట వచ్చి నిలబడింది. పెదాలు బిగించాను. మా చెల్లి చేతిలో దారం పళ్ళతో కొరికింది.

“నాకు ఆ రోజే తెలుసక్కయ్యా” అంది. “కుట్లు విప్పినప్పుడే చూశాను.”

“తెలిసి చెప్పలేదేంటే!”

“అంతమంది ముందు నిన్నేమంటాను?”

నేను వసారాలోనే కింద కూర్చున్నాను. నేను దాన్ని నలుగురి ముందు దులిపేస్తే, అది అదే నలుగురి ముందు నా పరువు కాపాడింది. ఫోనులో అన్ని రోజులు ఎన్ని రకాలుగా అడిగించుకున్నా ఈ జవాబు రాలేదు. ఎలా వస్తుంది? అది మా చెల్లి బుద్ధి. నేను చెబితేగా ఫోనుకి తెలిసేది, నాకే తెలియదు. దాని చెయ్యి పట్టుకుని ఏడ్చాను. అదీ ఏడ్చింది. అయిపోయింది, గండం గడిచింది అనుకుని జిలేబీ పొట్లం విప్పబోయాను.

“ఉండు” అంది. “జాకెట్టు సంగతి నేనెప్పుడో వదిలేశాను. ఆ రోజు మా అమ్మ మన వంటింట్లో ఉంది, గుర్తుందా?”

పొట్లం కింద పెట్టేశాను. అవును, వాళ్ళమ్మ ఆ రోజు వచ్చి ఉంది. నాలుగు రోజులుంటానని వచ్చిన మనిషి ఆ సాయంత్రమే సంచీ పట్టుకుని బాపట్ల బండెక్కింది. మనవళ్ళు గుర్తొచ్చారేమో అనుకున్నాను నేను. అనుకున్నాను, అంతే. అడగలేదు.

“పుట్టింట్లో నేర్పిందేంటే అన్నావు. వంటింట్లో చిక్కుడుకాయలు వొలుస్తోంది, అంతా వింది. చేతికుట్టుతో మమ్మల్ని పెంచిన మనిషి అక్కయ్యా. అప్పట్నుంచి ఎవరైనా ఏదైనా కుట్టమని తెస్తే, నాకు చేతకాదమ్మా అని పంపేస్తోంది. మళ్ళీ సూది పట్టుకోలేదు.” చీర మడిచి పక్కన పెట్టి, “మిషను సంగతీ మనిద్దరి సంగతీ తర్వాత చూసుకుందాం. చెప్పాల్సింది నాకు కాదు, మా అమ్మకి” అంది.

ఫోన్ని ఏమీ అడగలేదు. సంచీలోంచి తియ్యనైనా తియ్యలేదు. ఇద్దరం బస్టాండుకి వెళ్ళి బాపట్ల బస్సెక్కాం. నగరం, కర్లపాలెం ఊళ్ళ మీదుగా ఆ దారంతా మా చెల్లి నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. కిటికీలోంచి సముద్రపు గాలి ఉప్పగా తగులుతోంది. నాకు ఆ బరువు హాయిగా ఉంది. ఆ బస్సు అలా పోతూనే ఉంటే బాగుండును, బాపట్ల రాకపోతే బాగుండును అనిపించింది. ఏం చెప్పాలో తెలుసు. ఎలా చెప్పాలో కూడా ఈసారి తెలుసు. మెత్తగా, నెమ్మదిగా, ఆవిడ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాలి. అంతా లోపల కుట్టుకుంటూ కూర్చున్నాను.

మూడున్నరకి చేరాం. మా చెల్లి అన్నయ్య వాళ్ళ ఇల్లు సందు మధ్యలో. ఎండ తగ్గుతోందని ఆడవాళ్ళందరూ అరుగుల మీదకి వచ్చారు. వాళ్ళమ్మ కూడా అరుగు మీదే కూర్చుని ఉంది, చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా అన్నాను. “పిన్నిగారూ, ఆ రోజు జాకెట్టు పాడుచేసింది నేనండి. మీ అమ్మాయి తప్పు కాదు. మీ పెంపకాన్ని అనరాని మాటన్నాను.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. “ఏంటమ్మా? వినపడలేదు” అంది.

కాస్త గొంతు పెంచి మళ్ళీ చెప్పాను. ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుతున్నావిడ చెయ్యి ఆపింది. పిన్నిగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “గాలికి కొట్టుకుపోతోందమ్మా నీ మాట. తెనాలిలో నీ గొంతు ఇంత చిన్నది కాదే” అంది.

ఇంక నాకు ఏ మెళుకువా గుర్తు లేదు. లేచి నిలబడ్డాను. దేవుడిచ్చిన నా అసలు గొంతుతో అరిచాను. “తప్పు నాదేనండీ పిన్నిగారూ! కత్తిరించడం నాకు చేతకాలేదు! కుట్టు అంటే మీ అమ్మాయిదే కుట్టు! దానికి నేర్పింది మీరే! అన్నందుకు నన్ను క్షమించండి!” సందు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వినపడింది. సైకిలు మీద పోతున్నాయన కాలు కింద పెట్టి ఆగాడు. నలుగురి ముందు అన్న మాటకి నలభై మంది ముందు చెప్పుకున్నాను.

ఆవిడ అరుగులన్నిటి వైపూ ఒకసారి నిదానంగా చూసింది. తర్వాత, “సర్లేమ్మా. కాళ్ళు కడుక్కుని లోపలికి రా. అన్నం తిందువుగాని” అంది. నేను కాళ్ళు కడుక్కుంటుంటే నా జాకెట్టు భుజం దగ్గర కుట్టు విడిపోయి ఉండటం చూసి, కోడల్ని కేకేసి సూదీ దారం తెమ్మంది. నన్ను నిలబెట్టి, ఒంటి మీదే రెండు నిమిషాల్లో కుట్టేసింది. ఆ కుట్టు ఎక్కడుందో నాకిప్పటికీ కనపడదు.

సాయంత్రం బండికి బయల్దేరాను. మా చెల్లి వీధి మలుపుదాకా సాగనంపడానికి వచ్చింది. “మీ అమ్మకి పాపం బొత్తిగా చెవులు వినపడట్లేదేంటే? ఎప్పణ్ణుంచి? డాక్టరుకి చూపించారా?” అన్నాను.

అది నా మొహంలోకి చూసి, నవ్వాపుకుంటూ అంది.

“మా అమ్మకి చెవుడేంటక్కయ్యా? గోడవతల పిల్లి నడిచినా వినపడుతుంది.”